గేమింగ్ కంప్యూటర్: మజూరీ ఎంత?

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడే వేసవి రోజులలో అనేక కుటుంబాలలో ఒక కొత్త చర్చ మొదలవుతుంది. ఇంజనీరింగులోనో యానిమేషన్ కోర్సులోనో చేరబోయే కుమారుడు రంగురంగుల దీపాలు వెలిగే కంప్యూటర్ బొమ్మ ఒకటి తండ్రికి చూపుతాడు. “అబ్బాజీ! ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. అన్నీ అమర్చే ఇస్తారట. మనం ప్లగ్గు పెట్టుకుంటే చాలు” అంటాడు. ఆ మాటలలో తండ్రికి ధర ఒక్కటే అర్థమవుతుంది. అది ఆయన నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము. కొనకపోతే పిల్లవాని చదువుకు అడ్డుపడినవాణ్ని అవుతానేమోనన్న బాధ ఒకవైపు, కొంటే మోసపోతానేమోనన్న భయం మరొకవైపు. ఈ రెండింటి నడుమ నిలబడిన తల్లిదండ్రుల కోసమే ఈ నెల శీర్షిక.

బంగారు నగ కొనేటప్పుడు మనలో ఎవరూ పెట్టె అందాన్ని చూసి డబ్బు చెల్లించరు. బంగారం బరువెంత, రాళ్ల బరువెంత, తరుగు ఎంత, మజూరీ ఎంత అని విడివిడిగా అడుగుతారు. చదువురాని అవ్వ కూడా ఈ లెక్కలో పొరపాటు పడదు. సిద్ధంగా అమర్చి అమ్మే గేమింగ్ కంప్యూటర్‌ను కొనేటప్పుడు కూడా వేయవలసిన ప్రశ్న ఇదే. లోపల ఉన్న సరుకు విలువ ఎంత? దానిని అమర్చి ఇచ్చినందుకు పుచ్చుకుంటున్న మజూరీ ఎంత? ఈ రెండూ విడదీసి చూడగలిగిన నాడు ధర న్యాయమైనదో కాదో తేలిపోతుంది.

ముందుగా అవసరం తేలాలి

లెక్కకు కూర్చునే ముందు ఇంట్లో ఒక విషయం నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఈ యంత్రం దేనికి? ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ప్రోగ్రాములు రాయడానికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. సాధారణ కంప్యూటర్ చాలు. హాస్టలులో ఉండబోయే విద్యార్థికి బల్ల మీది కంప్యూటర్ కంటే ల్యాప్‌టాప్ ఉపయోగకరం. త్రీడీ బొమ్మల రూపకల్పన, వీడియో ఎడిటింగు, యానిమేషన్ నేర్చుకునేవారికి మాత్రం మంచి గ్రాఫిక్స్ కార్డు నిజంగానే పనికివస్తుంది. ఆటలకే కావాలంటే ఆటలకేనని చెప్పాలి. ‘చదువుకు’ అన్న మాటను అడ్డుపెట్టుకుని అడిగితే తండ్రి ఒక పనికి డబ్బు ఇస్తాడు, అది మరొక పనికి ఖర్చవుతుంది. తరువాత యంత్రం బాగున్నా నమ్మకం దెబ్బతింటుంది. తండ్రి కూడా ఆట అన్న మాట వినగానే మండిపడితే పిల్లలు నిజం దాచడానికే అలవాటుపడతారు. ఎంత సమయం ఆడతారు, ఎంత వరకు ఖర్చు పెట్టగలము అన్నవి ముందే నిర్ణయించుకోవడం ఉభయులకూ మేలు.

పేరు ఘనం, సరుకు పాతది

ప్రకటనలో మొదట కనిపించేది ‘ఐ7’ అనే మాట. అది కుటుంబం పేరు వంటిదే గాని మనిషి పేరు కాదు. దాని తరువాత వచ్చే అంకె అసలు సంగతి చెబుతుంది. ఉదాహరణకు ఐ7-2600 అనే ప్రాసెసర్ 2011లో వచ్చింది. ఐ3-12100 అనేది 2022లో వచ్చింది. గీత తరువాత ఉన్న 2, 12 అనే అంకెలు వాటి తరాలను తెలియజేస్తాయి. రెండింటిలోనూ నాలుగేసి కోర్లే ఉన్నా, పేరులో చిన్నదిగా కనిపించే ఐ3 ఆ పాత ఐ7 కంటే ఎంతో వేగంగా పనిచేస్తుంది. కార్యాలయాలలో వాడి తీసేసిన పాత ప్రాసెసర్లను కొత్త క్యాబినెట్లలో అమర్చి, దీపాలు తగిలించి ‘ఐ7 గేమింగ్ పీసీ’ అనే పేరుతో అమ్మడం మన మార్కెట్లో సాధారణమైపోయింది. మరొక చిక్కు కూడా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగించింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదవ తరం, ఆ పై ప్రాసెసర్లకే వర్తిస్తుంది. అంటే ఆ పాత ఐ7 కొన్ననాడే కాలం చెల్లినదన్నమాట.

గ్రాఫిక్స్ కార్డు విషయంలోనూ ఇంతే. ‘4 జీబీ’ అన్నది కార్డులో ఉన్న మెమరీ పరిమాణం మాత్రమే. అది శక్తికి కొలమానం కాదు. 2014 నాటి జీటీ 730 కార్డు 4 జీబీ మెమరీతో కూడా దొరుకుతుంది. కాని నేటి పెద్ద ఆటలను అది మోయలేదు. ఒకే పేరుతో రెండు రకాల కార్డులు ఉండడం మరింత చిక్కైన విషయం. జీటీ 1030 కార్డు 2017లో ఒక రకం మెమరీతో వచ్చింది. 2018లో అదే పేరుతో డీడీఆర్4 మెమరీ ఉన్న కార్డు వచ్చింది. మెమరీ నుండి సమాచారం చేరే వేగం రెండవదానిలో సుమారు మూడోవంతే. ఆర్‌టీఎక్స్ 3060 కూడా 2021లో 12 జీబీతో, 2022లో 8 జీబీతో వచ్చింది. రెండవదానిలో తగ్గింది మెమరీ మాత్రమే కాదు, సమాచారం ప్రవహించే దారి కూడా 192 బిట్ల నుండి 128 బిట్లకు ఇరుకైంది. కనుక పేరు చాలదు, పూర్తి మోడల్ పేరు, మెమరీ రకం కాగితం మీద ఉండాలి.

ప్రకటనలో రాయని భాగాలు

అమ్మకందారు ఖర్చు తగ్గించుకోదలిస్తే కొనేవాడు అడగని చోటనే తగ్గిస్తాడు. అటువంటి చోట్లలో మొదటిది కరెంటును అందించే ఎస్‌ఎంపీఎస్. దాని మీద ‘450 వాట్లు’ అని అచ్చు వేసినంత మాత్రాన ఆ శక్తి నిలకడగా వస్తుందన్న హామీ లేదు. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ చెడిపోయేటప్పుడు తనతో పాటు విలువైన భాగాలను కూడా పాడుచేయగలదు. పేరున్న తయారీదారుదై, ‘80 ప్లస్’ గుర్తు ఉన్నదే అడగాలి. ఆ గుర్తు కరెంటు వృథా కాకపోవడాన్ని గురించే చెబుతుంది, నాణ్యతకు అది పూర్తి హామీ కాదు. అయినా అది కూడా లేనిదానికి దూరంగా ఉండడం మంచిది.

రెండవది ర్యామ్. 16 జీబీ అన్నప్పుడు ఒకే 16 జీబీ ముక్క ఉందా, 8 జీబీవి రెండున్నాయా అని అడగాలి. రెండు ముక్కలు రెండు మార్గాలలో పనిచేస్తాయి కనుక ఆటలలో వేగం మెరుగ్గా ఉంటుంది. మూడవది నిల్వ. పాత హార్డ్ డిస్కు సెకనుకు వంద నుండి రెండు వందల ఎంబీల దరిదాపు చదువుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ సుమారు 550 వరకు, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అనేక వేల వరకు చదవగలవు. ‘ఎస్‌ఎస్‌డీ ఉంది’ అన్న ఒక్క మాటతో తృప్తిపడరాదు.

నాలుగవది మదర్‌బోర్డు. కొన్ని పెద్ద కంపెనీల రెడీమేడ్ యంత్రాలలో మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ వారి సొంత ఆకారంలో ఉంటాయి. బజారులో దొరికే సాధారణ భాగాలు వాటిలో ఇమడవు. మూడేళ్ల తరువాత ఒక్క భాగం మార్చదలచినా మొత్తం మార్చవలసి వస్తుంది. ఐదవది గాలి. ముందువైపు అంతా అద్దంతో మూసి, ఒక్క ఫ్యానుతో సరిపెట్టిన క్యాబినెట్ చూపులకు బాగుంటుంది గాని, మన ఎండాకాలంలో లోపలి వేడికి యంత్రం తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది.

మజూరీ లెక్క

ఇప్పుడు కాగితం తీసుకోండి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్, కూలర్, విండోస్ లైసెన్సు అని తొమ్మిది వరుసలు రాయండి. ప్రతి వరుసలో పూర్తి మోడల్ పేరు అమ్మకందారు చేతనే రాయించండి. ఆ భాగాల విడి ధరలను రెండు మూడు చోట్ల విచారించి కూడండి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట ఒక పూట తిరిగితే ఈ ధరలు తెలుస్తాయి. దూరాన ఉన్నవారు ఆన్‌లైన్ దుకాణాలలో చూసుకోవచ్చు.

ఉదాహరణకు భాగాల మొత్తం 72,000 రూపాయలు, రెడీమేడ్ ధర 80,000 రూపాయలు అనుకుందాం. మజూరీ 8,000, అంటే సుమారు 11 శాతం. అమర్చడం, పరీక్షించడం, ఏదైనా చెడితే ఒకే చోట జవాబుదారీ దొరకడం అన్నవాటికి ఇది అన్యాయమైన మొత్తం కాదు. కంప్యూటర్ పరిజ్ఞానం లేని ఇంటికి అది సమంజసమే. అదే తేడా పాతిక శాతం దాటితే మాత్రం ఎందుకని గట్టిగా అడగాలి. సమాధానం దీపాలు, అద్దాలు అయితే తిరిగి రావడమే మంచిది.

వారంటీని కూడా ఈ లెక్కలో చేర్చాలి. విడిగా డబ్బాలో కొన్న ప్రాసెసర్‌కు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది. ఇతర భాగాలకు కూడా వేటి వారంటీ వాటికే. కాని చెడిపోయినది ఏ భాగమో మనమే కనిపెట్టి, ఆ కంపెనీ సేవా కేంద్రానికి మోసుకుపోవాలి. పెద్ద కంపెనీల రెడీమేడ్ యంత్రాలకు చాలావరకు ఏడాదే అయినా, మెకానిక్ ఇంటికే వచ్చే సదుపాయం ఉండవచ్చు. మీ ఊరికి వస్తాడా లేదా అన్నది కొనకముందే తెలుసుకోండి. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామనే మాటకు లొంగకండి. కంప్యూటర్ల మీద జీఎస్టీ 18 శాతం. పన్నుతో కలిపి లక్ష రూపాయలైన యంత్రంలో పన్ను సుమారు 15,254 రూపాయలు. ఆ మొత్తం మిగిలిందని సంతోషించేలోగా వారంటీకి ఆధారమైన బిల్లు చేజారిపోతుంది. పన్ను ఎగవేతలో భాగం పంచుకున్నట్లూ అవుతుంది. దొంగ విండోస్ వేసి ఇచ్చి ‘ఉచితం’ అనడం కూడా అటువంటిదే.

రెడీమేడ్ ఎల్లప్పుడూ ఖరీదేనని అనుకోవడం కూడా సరికాదు. 2021లో చిప్పుల కొరత, క్రిప్టో కరెన్సీ తయారీదారుల గిరాకీ వలన గ్రాఫిక్స్ కార్డుల విడి ధరలు మండిపోయినప్పుడు, వాటిని ముందే టోకున కొని పెట్టుకున్న కంపెనీల రెడీమేడ్ యంత్రాలే చౌకగా దొరికిన సందర్భాలున్నాయి. 2025 చివరి నెలల నుండి మెమరీ చిప్పుల ధరలు పెరగడంతో అటువంటి పరిస్థితి ర్యామ్ విషయంలో ఎదురయింది. కనుక నిరుటి లెక్క ఈ ఏడాది పనికిరాదు. కొనే వారంలోనే లెక్క వేయాలి.

వాయిదాల మాట

‘నో కాస్ట్ ఈఎంఐ’ అనే మాట దగ్గర మన కుటుంబాలు ఒక్క క్షణం ఆగాలి. క్రెడిట్ కార్డు వాయిదాలలో సున్నా శాతం వడ్డీ అనేది నిజానికి ఉండదని, వడ్డీని ప్రాసెసింగ్ రుసుము రూపంలో దాచిపెడుతున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించింది. నేడు సాధారణంగా జరిగేది ఇది: బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మకందారు ధరలో తగ్గింపుగా చూపిస్తాడు. బ్యాంకు స్టేట్‌మెంటులో వడ్డీ వరుస కనిపిస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, కొన్నిచోట్ల ప్రాసెసింగ్ రుసుము మన మీదనే పడతాయి. వడ్డీకి దూరంగా ఉండదలచిన కుటుంబానికి ఇది డబ్బు లెక్క మాత్రమే కాదు. ఒప్పందం కాగితం చదివి, సందేహం ఉంటే ఉలమాలను అడిగి తేల్చుకోవాలి. నగదు ధర ఎంత అని విడిగా అడగడం ఎలాగూ లాభమే.

నగదు చాలకపోతే మరొక దారి ఉంది. రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ కూడా ఇమిడే ఉంటుంది. విడి కార్డు లేకుండా చదువు, చిన్న ఆటలు సాగుతాయి. మంచి ఎస్‌ఎంపీఎస్, సాధారణ మదర్‌బోర్డు ముందే పెట్టించుకుంటే, డబ్బు కూడిన తరువాత కార్డు చేర్చుకోవచ్చు. పిల్లవాడు ఆ ఏడాదిలో యంత్రాన్ని దేనికి వాడాడో కూడా అప్పటికి తెలిసిపోతుంది.

పెట్టె బయటి ఖర్చులు

ప్రకటన ధరలో మానిటర్ ఉందో లేదో చూడండి. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 దృశ్యాలనే చూపుతుంది. దానికి 144 దృశ్యాలు పంపే కార్డు కొనడం దుబారా. కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్ కావాలి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లనే మోస్తుంది. ఆట మధ్యలో 400 వాట్లు లాగే యంత్రాన్ని అది నిలబెట్టలేదు. అటువంటి యంత్రం రోజుకు నాలుగు గంటలు నడిస్తే నెలకు 48 యూనిట్లు. ఇంటి కరెంటు బిల్లు ఏ శ్లాబులో ఉందో దానిని బట్టి ఈ భారాన్ని అంచనా వేసుకోవాలి.

పార్సిలు వచ్చినప్పుడు విప్పుతున్నంతసేపూ వీడియో తీయండి. రవాణాలో గ్రాఫిక్స్ కార్డు కదిలిపోవడం, అద్దం పగలడం జరుగుతుంటాయి. తరువాత టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్, ర్యామ్, కార్డు పేర్లను కాగితంతో సరిచూడండి. వాపసు గడువు ముగియకముందే ఈ పని పూర్తికావాలి.

తొమ్మిది వరుసలూ మోడల్ పేర్లతో నింపి, సంతకం చేసి ఇచ్చిన అమ్మకందారు దొరికితే ఆయనకు మజూరీ సంతోషంగా చెల్లించండి. అది ఆయన హక్కు. ‘ఇవన్నీ మీకెందుకు సార్, యంత్రం సూపర్‌గా పనిచేస్తుంది’ అన్నవాని దగ్గర మాత్రం, ధర ఎంత తక్కువైనా, మీ కష్టార్జితాన్ని బయటకు తీయకండి.