అమెరికా వెళ్ళిన త్రోబాల్

తొమ్మిదో తరగతికి రాగానే మన ఆడపిల్లల గేమ్స్ పీరియడ్ మెల్లగా స్టడీ అవర్ అయిపోతుంది. ఎవరూ ఆర్డర్ వేయరు. ముందు స్లిప్ టెస్ట్, తర్వాత ఫౌండేషన్ క్లాసు, ఆ పైన "ఎండలో నల్లబడతావే" అనే ఇంటి మాట. మగపిల్లలు సాయంత్రం ఏదో ఒక ఖాళీ స్థలంలో క్రికెట్ ఆడుకుంటారు. ఆడపిల్ల చేతిలోంచి మాత్రం బంతి అక్కడితో పోతుంది.

ఆ నష్టం పదేళ్ళ తర్వాత, సముద్రాల అవతల తెలుస్తుంది. మన వైపు నుంచి అమెరికా వెళ్ళే అమ్మాయిల్లో చాలామంది భర్త ఉద్యోగం మీద హెచ్4 వీసాతో వెళ్తారు. ఆ వీసా మీద ఉద్యోగం చేసే వీలు 2015 మే నుంచి వచ్చినా, అది భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత దూరం నడిచిన వాళ్ళకే. బీటెక్ చదివిన పిల్ల అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఉంటుంది. కారు నడపడం రాదు, పక్కింటివాళ్ళ పేరు తెలీదు. మనతో వీడియో కాల్‌లో "బాగున్నానమ్మా" అంటుంది.

అక్కడ తెలుగు ఆడవాళ్ళు ఒకరికొకరు దొరికిన దారుల్లో త్రోబాల్ ఒకటి. అవును, మన బడిలో ఆడే త్రోబాలే. తానా, నాట్స్ లాంటి తెలుగు సంఘాలు మహిళలకు ఈ ఆటలో పోటీలు పెడుతున్నాయి. 1940లలో మద్రాసు వైఎంసీఏ ద్వారా మన బడుల్లోకి వచ్చిందని చెప్పే ఆట ఇది. బంతిని కొట్టకూడదు; పట్టుకుని మూడు సెకన్లలోపు నెట్ అవతలికి విసరాలి. కొత్తగా కాపురానికి వెళ్ళిన పిల్లా, ఇద్దరు బిడ్డల తల్లీ ఒకే జట్టులో ఆడొచ్చు.

గుడిలోనూ ఉగాది సంబరాల్లోనూ కలుస్తారు కదా అంటారేమో. కలుస్తారు, కానీ అక్కడ చీర, నగ, భర్త కంపెనీ పేరు ముందు నడుస్తాయి. జట్టులో అయితే ఒక వారం రాకపోతే "ఏమైంది?" అని ఫోన్ వస్తుంది. డ్రైవింగ్ టెస్ట్ సంగతి, పిల్లల డాక్టరు సంగతి, కాన్పు సమయానికి అమ్మకు వీసా రాకపోతే పెద్దబిడ్డను ఎవరు చూస్తారన్న సంగతి, ఇవన్నీ ఆటయ్యాక నీళ్ళు తాగుతూ తేలేవే. ఎప్పుడో బడిలో బంతి పట్టిన పిల్లకు ఆ గ్రౌండ్‌లో అడుగుపెట్టడానికి బెరుకుండదు. పట్టని పిల్ల గట్టున కూర్చుని చూస్తుంది.

అక్కడ పెరిగిన పిల్లల సంగతీ చూడండి. 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో జరిగిన అండర్-19 మహిళల ప్రపంచకప్‌కు వెళ్ళిన అమెరికా జట్టులో అందరూ భారతీయ మూలాలున్న అమ్మాయిలే. కెప్టెన్ మన తెలుగింటి పిల్ల, గీతిక కొడాలి.

కువైట్ మాట ఎత్తకుండా రాజంపేటలో ఈ విషయం రాయడం న్యాయం కాదు. ఇక్కడ ఎంతోమంది పిల్లల ఫీజులు అక్కడి ఇళ్ళల్లో పనిచేసే తల్లుల, పిన్నమ్మల జీతంలోంచి వస్తున్నాయి. 2015లో కువైట్ చేసిన ఇంటిపనివాళ్ళ చట్టం వారానికో రోజు సెలవు ఇవ్వాలంటుంది. ఆ సెలవు చేతికందని మనిషికి జట్టు ఎక్కడిది? ముందు గడప దాటనివ్వాలి. అందుకే త్రోబాల్ అన్నిటికీ మందని నేననను.

"మా అమ్మాయేమీ శ్రీచరణి కాదు కదండీ" అని మీలో కొందరు అనొచ్చు. మన కడప జిల్లా పల్లె నుంచి వెళ్ళి 2025 నవంబరులో ప్రపంచకప్ గెలిచిన జట్టులో నిలిచిన ఆ అమ్మాయిని చూసి గర్వపడదాం. అందరూ అలా కానక్కర్లేదు. ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు, తెలియని ఊళ్ళో, "నేనూ ఆడతాను" అని అడగగలిగితే చాలు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీటు చూశాక పీఈటీ గారినీ ఒకసారి కలవండి. తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలకు వారానికి ఎన్ని గేమ్స్ పీరియడ్లు నిజంగా జరుగుతున్నాయో అడగండి. ఎండ సమస్య అయితే పొద్దున మొదటి పీరియడ్‌కు మార్చమనండి.