ఆకు కషాయమును నమ్ముటకు ముందు పరీక్షింపుడు



పెసలు, కందులు దాచు కుండలలో వేపాకు వేయుట మన ఇండ్లలో తాతలనాటి ఆచారము. కొందరు వేప, వావిలి, సీతాఫలపు ఆకుల కషాయమును చీమలకు, బొద్దింకలకు, నల్లులకును చల్లుచున్నారు. ఆకులను వాడవలదని నేను చెప్పను. పరీక్షింపక నమ్మవలదని మాత్రము చెప్పుదును. "ఆకు వేసితిమి, పురుగు పట్టలేదు" అనుట సాక్ష్యము కాదు. ఆకు వేయనియెడల పట్టియుండెడిదా యని చూచినవారెవరు?

వేపలో గుణము కలదనుటకు సందేహము లేదు. 1959లో సూడాను దేశమున మిడుతల దండు పచ్చదనమునెల్ల తినివేసి వేపచెట్లను విడిచిపోవుట ష్ముట్టరర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు గమనించెను. 1968లో వేపగింజలనుండి అజాడిరక్టిన్ అను పదార్థమును వేరుచేసిరి. అయితే అది ఆకులోకంటె గింజపప్పులో మెండు. ఎండ తగిలినచో త్వరగా చెడును. పురుగును తత్క్షణమే చంపక, దాని ఆకలిని, ఎదుగుదలను అడ్డగించును. కావున కషాయము చల్లిన గంటలో పురుగు చావలేదని పారబోయువాడును, ఒకటి చచ్చినదని పొంగిపోవువాడును సమానముగా పొరబడుచున్నారు.

పరీక్షకు ఆరు గాజు సీసాలు చాలును. నీడ నెండించిన ఆకుపొడిని తూచి, కొలిచిన నీటిలో రాత్రి నానబెట్టి వడియగట్టుడు. పుచ్చులేని పెసలను సీసాకు నూరేసి లెక్కింపుడు. మూడు సీసాల గింజలను కషాయములోను, మూడింటివి వట్టి నీటిలోను ముంచి, నీడను బాగుగా ఆరబెట్టుడు. తడిపి ఆరబెట్టుటవలననే గింజలో మార్పు కలుగవచ్చును గనుక వట్టి నీటి సీసాలను మానరాదు. ప్రతి సీసాలో పది పెంకుపురుగులను విడిచి, మూతికి గుడ్డ కట్టి, అన్నిటిని ఒకేచోట నుంచుడు. మరునాడును, మూడవనాడును చచ్చినవానిని, నలువది దినములకు పుచ్చిన గింజలను లెక్కించి వ్రాసికొనుడు. పురుగుపిల్ల గింజలోపలనే పెరుగును గావున ఈ కడపటి లెక్కయే ముఖ్యము. వట్టి నీటి సీసాలలోను కొన్ని పురుగులు చచ్చును. వానితో పోల్చినగాని ఆకు బలము తెలియదు.

బొద్దింకలకు చల్లు కషాయములో సబ్బు కలిపినచో, పోల్చుటకుంచిన నీటిలోను అంతే సబ్బు కలుపవలయును. లేనిచో చంపినది సబ్బునీరు, కీర్తి వేపకు!

ఆకేగదా యని నిర్లక్ష్యము తగదు. పొగాకు కషాయమును ఆకురసమే. అందలి నికోటిన్ మనుష్యులకును విషము. పరీక్షించిన గింజలను వండరాదు.

ఇంత శ్రమ యేల యందురేమో. గోదాములకు ఉద్దేశించిన అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను పండుకొను ఇంటిలోని బస్తాలలో పెట్టుటవలన వెలువడిన వాయువు నిండు ప్రాణములు తీసినది. పనిచేయు ఆకు ఈ బిళ్ళలను ఇంటికి రానీయదు; పనిచేయని ఆకును నమ్మి గింజలు పోగొట్టుకొన్నవాడు ఆ బిళ్ళలకే పోవును.

ఒక ఇంటి ఫలితము చాలదు. ప్రతి గ్రామమున ఇద్దరు ముగ్గురు సభ్యులు పరీక్షించి, ఫలించినవానితోపాటు విఫలమైనవానిని కూడ సంఘమునకు వ్రాయవలయును. విఫలమైన పరీక్షయు పొరుగువాని విత్తనములను కాపాడును.