పాపపరిహార పత్రాలూ, 68 బోర్లూ

మా ఆఫీసులో ప్రతి ప్రాజెక్టుకీ ఒక ఎక్సెల్ షీటుంటుంది. దాని పేరు రిస్క్ రిజిస్టర్. ఏం జరగొచ్చు, జరిగే అవకాశమెంత, జరిగితే నష్టమెంత, ఆ రిస్కుని ఒప్పుకున్నదెవరు... ఇవీ అందులో కాలమ్‌లు. మొదటి మూడింట్లో ఎన్ని కాకమ్మ కథలైనా రాసుకోవచ్చు గానీ, చివరిది మాత్రం ఖాళీగా వదలకూడదు. అక్కడ ఒక మనిషి పేరుండాలి.

రెండేళ్ల కిందట నేనో డేటాబేస్ మార్పుకి "జరిగే అవకాశం: చాలా తక్కువ" అని రాశా. సరిగ్గా శుక్రవారం రాత్రి అదే జరిగింది. తెల్లారేదాకా పదిమందిమి కూర్చుని బ్యాకప్ నుంచి అంతా వెనక్కి తెచ్చుకున్నాం. తర్వాత మా లీడ్ నన్ను తిట్టలేదు. "నువ్వు లెక్కేసి తక్కువన్నావా, తెలీక తక్కువన్నావా?" అని మాత్రం అడిగింది. తెలీకే అన్నాను. ఆ ప్రశ్న ఇప్పటికీ చెవిలో రింగుమంటూనే ఉంది.

ఇక అసలు విషయానికొస్తా.

కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో కప్పట్రాళ్ల అని ఒక ఊరుంది. ఫ్యాక్షన్ వార్తల పుణ్యమా అని ఆ పేరు చాలామంది వినే ఉంటారు. 2024లో అది ఇంకో కారణంతో పేపర్లకెక్కింది. అక్కడి రిజర్వు అడవిలో 468.25 హెక్టార్ల మేర, యురేనియం ఉందేమో చూడ్డానికి 68 బోర్లు వేస్తామని కేంద్రానికి చెందిన అణు ఖనిజాల అన్వేషణ సంస్థ ప్రతిపాదన పెట్టింది. సంగతి బయటపడగానే చుట్టుపక్కల ఊళ్లన్నీ లేచాయి. నవంబరు మొదట్లో జనం రోడ్డెక్కి బైఠాయించారు. పార్టీల తేడా లేకుండా అందరూ వద్దన్నారు. చివరికి ఆపేస్తున్నామని జిల్లా యంత్రాంగం చెప్పింది.

ఆగిపోయింది కదా, మళ్లీ ఎందుకీ గోల అంటారా? ఆగింది బోర్లేనండీ. వాటి వెనక ఉన్న వాదన ఆగలేదు. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, అడవిలో ఖనిజాన్వేషణను "అటవీయేతర పని" లెక్కలోంచి తప్పించే దారి వేశారు. 2025 సెప్టెంబరులో ఇంకో అడుగు ముందుకేసి, అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదన్నారు. అంటే మా రిస్క్ రిజిస్టర్లో చివరి కాలమ్‌ని పూర్తిగా డిలీట్ చేశారన్నమాట. రిస్కు ఊరిది, సంతకం ఢిల్లీది. మా ఆఫీసులో ఇలా చేస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరు.

"పనికిరాని ముళ్లకంపల అడవి, అందులో బోర్లేస్తే పోయేదేముంది?" అనేవాళ్లు మన కర్నూల్లోనే ఉన్నారు. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడే చోట అడవంటే కేరళలో లాగా ఉండదు. తుమ్మ, రేల, బలుసు, సీతాఫలం, మధ్యలో బండలు. ఫోటోకి బాగోదు, నిజమే. కానీ గొర్రెలకు మేత దొరికేది అక్కడే, గుట్ట మీద పడ్డ వాననీరు నెమ్మదిగా నేలలోకి ఇంకేదీ అక్కడే. కింద పొలాల్లో బోర్లకు ఆ గుట్టే బ్యాంకు.

పైగా ఈ వాదన కొత్తదేం కాదు. జర్మనీలో జార్జ్ అగ్రికోలా అనే ఆయన గనుల మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆయన పోయిన మరుసటేడు, 1556లో అచ్చయింది. గనులు వద్దనేవాళ్ల మాటల్ని ఆయన అందులో నిజాయితీగానే రాసుకున్నాడు. అడవులు నరికేస్తున్నారు, ఖనిజం కడిగిన నీళ్లతో వాగులు విషమై చేపలు చస్తున్నాయి, చుట్టుపక్కల వాళ్లకి తిండి కష్టమౌతోందీ అని. మరి ఆయన జవాబేంటో తెలుసా? గనులుండేది పంటలు పండని కొండల్లోనే కాబట్టి నష్టం పెద్దగా లేదు, గనిలో వచ్చిన సొమ్ముతో మాంసం, చేపలు ఇంకోచోట కొనుక్కోవచ్చు! దాదాపు 470 ఏళ్లైంది. పవర్ పాయింట్ వచ్చింది గానీ జవాబు మారలేదు.

ఆ "సొమ్ముతో కొనుక్కోవచ్చు" అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఈ రోజు దాని ముద్దుపేరు సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. బానే ఉంది. కానీ గమనించండి, ఆ 2 శాతం దేని మీద? లాభం మీద. చేసిన హాని మీద కాదు. లాభం బాగా వచ్చిన బిస్కెట్ల కంపెనీ కోట్లు కట్టాలి. నష్టాల్లో ఉన్న కంపెనీ నలుగురి బోర్లు పాడుచేసినా ఈ సెక్షన్ కింద పైసా కట్టక్కర్లేదు. దీన్ని విరాళం అనండి, దానం అనండి, నాకభ్యంతరం లేదు. బాధ్యత అని మాత్రం అనొద్దు.

స్కూల్లో సాంఘికశాస్త్రంలో పాపపరిహార పత్రాల గురించి చదివాం గుర్తుందా? 1517లో లూథర్ గొడవకి దిగింది వాటి మీదే. పరీక్షకి నాలుగు మార్కుల ప్రశ్న కాబట్టి బట్టీ పట్టి వదిలేశాం గానీ, వివరాలు భలే ఉంటాయి. ఆ పత్రాల ధర చేసిన పాపాన్ని బట్టి కాదు, కొనేవాడి హోదాను బట్టి ఉండేది. రాజులకు, బిషప్పులకు 25 బంగారు నాణేలు, కిందికి వచ్చేకొద్దీ తక్కువ. వచ్చిన డబ్బులో సగం రోములో చర్చి కట్టడానికి. మిగతా సగం? ఆల్‌బ్రెక్ట్ అనే ఆర్చిబిషప్పు పదవి కోసం చేసిన అప్పు తీర్చడానికి. అప్పిచ్చింది ఫుగ్గర్ కుటుంబం. వాళ్ల వ్యాపారం బ్యాంకింగూ, ఇంకా... వెండి, రాగి గనులూ! నేను కల్పించి చెప్పట్లేదు, చరిత్రే ఇంత వెటకారంగా ఉంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. చర్చి శాస్త్రం ప్రకారం ఆ పత్రం పాపాన్ని క్షమించదు. పశ్చాత్తాపపడ్డవాడికి మిగిలిన శిక్షను తగ్గిస్తుంది, అంతే. కాగితం మీద అలాగే ఉండేది. సంతలో అమ్మేటప్పుడు మాత్రం "డబ్బేస్తే చాలు" అన్నట్టే అమ్మారు. మన ప్రత్యామ్నాయ వనీకరణ కూడా అంతే. కాగితం మీద అది అడవి నరకడానికి లైసెన్సు కాదు, తప్పనిసరైతే చేసే సర్దుబాటు. ఆచరణలో? 2016లో ప్రత్యేక చట్టం చేసి నిధి పెట్టారు, కంపెనీ డబ్బు కడుతుంది, ఇంకెక్కడో మొక్కలు నాటుతారు, ఫైలు క్లోజ్. శేషాచలం, లంకమల కొండల్లో ఎర్రచందనం చేవదేరడానికి దశాబ్దాలు పడుతుంది. దానికి బదులుగా నాటిన మొక్క మూడో వేసవి దాటిందా లేదా అని వెళ్లి చూసేదెవరు?

మరి తెలియకపోవడం సంగతేంటి? అన్నమయ్య తాళ్లపాకలో పుట్టింది 1408లో. దాదాపు అదే కాలం వాడు, 1401లో పుట్టిన జర్మన్ మతాచార్యుడు నికొలస్ ఆఫ్ కూసా. 1440లో ఆయన ఒక పుస్తకం రాశాడు. ఎరుకతో కూడిన అజ్ఞానం దాని విషయం. వృత్తం లోపల బహుభుజి గీయండి, భుజాలు పెంచుకుంటూ పోండి. వంద, వెయ్యి, లక్ష. వృత్తానికి దగ్గరౌతుంది గానీ ఎప్పటికీ వృత్తం కాదు. మన తెలివికీ సత్యానికీ మధ్య సంబంధం అదే అంటాడాయన. ఆయన చెప్పింది దేవుడి గురించి. నాకైతే ప్రతి రిస్క్ రిపోర్టు మొదటి పేజీలో ఆ బొమ్మ వేయించాలనిపిస్తుంది. ఎన్ని బోర్లేసి ఎన్ని శాంపిళ్లు తీసినా మీ లెక్క బహుభుజే, భూమి వృత్తం. (అన్నట్టు, ఇంత చెప్పిన కూసా కూడా 1451లో పోపు ప్రతినిధిగా జర్మనీ అంతా తిరిగి పాపపరిహారం ప్రకటించి వచ్చాడు. తెలివైనవాళ్లు కూడా సంస్థలో ఉద్యోగులే మరి. నాతో సహా.)

ఇదంతా పుస్తకాల గొడవ అనుకుంటే కడప జిల్లాకి రండి. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. వ్యర్థాలు పోసే చెరువు కొట్టాల దగ్గర. బోర్లలో నీళ్లు చెడ్డాయి, అరటి తోటలు దెబ్బతిన్నాయి అని చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. చెరువు అడుగున నిబంధనల ప్రకారం పొర వేశారా లేదా అని 2018లో కాలుష్య నియంత్రణ మండలి కూడా కంపెనీని నిలదీసింది. కంపెనీ ఏమందంటే, ఆ నేలలోనే యురేనియం ఉంది కాబట్టి నీళ్లలో సహజంగానే ఉంటుంది, మా చెరువు వల్ల కాదు అని.

అది నిజమే కావచ్చు. కాకపోనూవచ్చు. నా గొడవ అది కాదు. నిరూపించాల్సిన పని ఎవరి నెత్తిన పడిందో చూడండి. ఒకవైపు ల్యాబులు, శాస్త్రవేత్తలు, లాయర్లున్న కంపెనీ. ఇంకోవైపు చేతిలో సీసాడు నీళ్లు పట్టుకున్న అరటి రైతు. అనుమానం వచ్చినప్పుడల్లా లాభం కంపెనీకే, నష్టం రైతుకే పోతోంది. మా వాళ్ల భాషలో చెప్పాలంటే ఇది బగ్ కాదు, డిజైనే అంత.

"మరి కరెంటొద్దా? నీ లాప్‌టాప్ దేంతో నడుస్తుంది?" అని అడుగుతారు, నాకు తెల్సు. కావాలి. యురేనియం అనగానే చెవులు మూసుకునే రకం కాదు నేను. "ఇది ప్రైవేటు కంపెనీ కాదు, దేశానిది కదా" అని కూడా అంటారు. అయితే ఇంకా మంచిది. దేశానిదైతే దేశం మొత్తం రిస్కు మొయ్యాలి గానీ, ఒక్క మండలం మొయ్యడమేంటి?

నేనడిగేవి మూడే. గని మొదలవ్వకముందే చుట్టుపక్కల ప్రతి బోరులో నీళ్లు, కంపెనీ జీతం తీసుకోని ల్యాబుతో పరీక్ష చేయించి ఊళ్లోనే బోర్డు మీద రాయాలి. అప్పుడు "సహజంగానే ఉంది" అనే మాట తేలిగ్గా తేలిపోతుంది. రెండు, పరిహారం డబ్బు ముందే ఊరి పేరున డిపాజిట్ చెయ్యాలి. నీళ్లు చెడితే మా వల్ల కాదని కంపెనీయే నిరూపించుకోవాలి, నిరూపించలేకపోతే డబ్బు ఊరిదే. మూడు, గ్రామసభ వద్దంటే వద్దనే అర్థం. అడవిని కాపాడండి అంటూ 1992 నుంచి ఊరూరా వన సంరక్షణ సమితులు పెట్టించింది ఈ ప్రభుత్వాలే. కాపలా కాయడానికి పనికొచ్చిన జనం, కాదని చెప్పడానికి పనికిరారా?

మా ఆఫీసులో ఆ రాత్రి నన్ను కాపాడింది నా తెలివి కాదు, బ్యాకప్. భూగర్భ జలానికి బ్యాకప్ లేదు. ఒకసారి చెడితే వెనక్కి తెచ్చుకునే బటన్ ఎవరి దగ్గరా లేదు.

2024 దీపావళికి ఊరెళ్లినప్పుడు మా మామ పొలం గట్టు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నాం. కప్పట్రాళ్ల వైపే ఆయన ఊరు. టమాటా, కొంచెం వేరుశెనగ. మూడు బోర్లేసి, మూడూ ఎండిపోయి, నాలుగోదానితో నెట్టుకొస్తున్నాడు. ఏం ప్రమాదం లేదని ఆఫీసర్లు చెప్తున్నారట కదా మామా అన్నాను.

"ఈ నేల మీదే పుట్టి పెరిగినోణ్ని అల్లుడూ. రెండొందల అడుగుల కింద నీళ్లుండాయో లేదో నాకు తెల్దు. తెల్దు కాబట్టే మూడుసార్లు మునిగినా. నా డబ్బు, నేను మునిగినా. వాళ్లు మాత్రం కింద ఏమి జరుగుతాదో, ఏమి జరగదో అన్నీ ముందే చెప్తాండారే! అంత తెలిసినోళ్లైతే, ఏమన్నా అయితే మాదే పూచీ అని ఒక కాగితం మీద సంతకం పెట్టి ఇయ్యమను."

ఆ కాగితం ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.