పాఠం కూర్చునే వినాలా?

ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో అయిదుగురికి నలుగురు రోజుకు గంటసేపైనా శరీర శ్రమ చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2019లో తేల్చారు. అది 146 దేశాల లెక్క. అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం. మన సంఘాల్లోని ఇళ్లు చూస్తే ఈ అంకెలు ఎక్కువనిపించవు. పదో తరగతి రాగానే మనం మొదట మానిపించేది ఆటే. ఇంటర్‌కు హాస్టల్లో వేస్తే తెల్లవారింది మొదలు రాత్రి పొద్దుపోయే దాకా స్టడీ అవర్లే. చాలా జూనియర్ కాలేజీలకు అసలు మైదానమే లేదు.

ఆటను పాఠం చెప్పే పద్ధతిలోనే కలపాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మంచి మాట. పీఈటీ పీరియడ్‌ను పరీక్షల ముందు లెక్కల మాస్టారు తీసేసుకుంటారు. పాఠంలోనే ఉన్న కదలికను ఎవరూ తీసుకోలేరు. ఖర్చూ లేదు. వేగం పాఠం రోజున పిల్లలను ఆవరణలో పరుగెత్తించి, టైము కొలిపించి, లెక్క వారిచేతే కట్టించవచ్చు. గుండె పాఠం రోజున కూర్చున్నప్పుడు నాడి ఎంత, పరుగెత్తి వచ్చాక ఎంత అని చూసుకుని గ్రాఫ్ గీయమనవచ్చు. సెంటు భూమి అంటే ఎంతో తెలియకుండానే వైశాల్య సూత్రాలు బట్టీ పడుతున్నారు. టేపు చేతికిచ్చి చర్చి ఆవరణ కొలవమనండి!

మార్కులు తగ్గుతాయని భయమా? అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2010లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను సమీక్షించింది. దాదాపు సగం ఫలితాల్లో చదువుకు మేలు కనిపించింది, మిగతా వాటిలో తేడా లేదు, నష్టం కనిపించినవి బహు అరుదు. మేలు గొప్పదని నేను అనను. నష్టం లేదన్న మాట చాలు.

శరీర సాధకం కొంతమట్టుకే ప్రయోజనమని పౌలు తిమోతికి రాయలేదా అంటారు. ఆయన దాన్ని భక్తితో పోల్చాడు, తరగతి గది బెంచీతో కాదు. పన్నెండేళ్ల యేసు సంగతి చెప్పిన వెంటనే, లూకా 2:52లో మన బైబిలు వయస్సు అన్న చోట ఉన్న గ్రీకు మాటకు ఎత్తు అనే అర్థం కూడా ఉంది. జక్కయ్య పొట్టివాడని చెప్పడానికి లూకా వాడింది ఆ మాటే. 1891లో బాస్కెట్‌బాల్ రూపొందించిన జేమ్స్ నైస్మిత్ వేదాంత విద్య చదివినవాడు. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ ప్రారంభించిన వైఎంసీఏ వ్యాయామ కళాశాల మన పాఠశాలలకు పీఈటీలను తయారుచేసి ఇచ్చింది. అలాంటి వారసత్వం మనది. అయినా కొన్నిచోట్ల మిషన్ కాంపౌండ్ మైదానాలు దుకాణాలైపోయాయి.

స్కూలు కమిటీల్లో ఉన్న సంఘ పెద్దలు మిగిలిన మైదానాలనైనా కాపాడాలి. సండే స్కూలు టీచర్లు వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు. పౌలు ప్రయాణాల పాఠానికి నేలమీద ముగ్గుపిండితో పటం గీసి, అంతియొకయ నుంచి పిల్లలను నడిపించండి. చున్నీ సర్దుకుంటూ గోడవారన నిలబడే ఆడపిల్లలను ముందు పిలవండి.