అది గాలివాటు గెలుపా?

రామతీర్థం వెళ్లి రాముణ్ణి చూసుకొచ్చేవాళ్ల దగ్గర, అదే నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ పేరెత్తి చూడండి. “ఆ పిల్లలకు భలే కలిసొచ్చిందండీ” అంటారు. ఆ ఊరి వెయిట్‌లిఫ్టర్ మత్స సంతోషి పతకమైనా, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కరణం మల్లీశ్వరి పతకమైనా వాళ్లకు ఒకటే కథ: ఎవరూ పైసా కాయని గుర్రం పందెం కొట్టేసింది! వేదికలెక్కే పెద్దలూ ఇదే వల్లిస్తున్నారు. ఇది శుద్ధ తప్పు.

2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచేనాటికి మల్లీశ్వరి ఎవరు? 1994లోనూ 1995లోనూ ప్రపంచ విజేత. అలాంటి మనిషి అనామకురాలు ఎలా అవుతుంది? ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ మొదలైందే సిడ్నీలో. అంతకుముందు ఆమెకు ఆ వేదికే లేదు. లావైపోయింది, పనైపోయింది అని వెక్కిరించిన నోళ్లే పతకం రాగానే అద్భుతం అన్నాయి. తమ అంచనా తప్పిందని ఒప్పుకోవడం కంటే అద్భుతమనడం సులువు మరి!

లెక్క చూడండి. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. స్వర్ణం, రజతం అందుకున్న ఇద్దరూ ఎత్తింది 242.5. చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకు పూనుకుంది. అది లేచి ఉంటే స్వర్ణం ఆమెదే. అదృష్టం మీద ఆధారపడినవాళ్లు అంత బరువు అడుగుతారా?

ఆమెను నమ్మినవాళ్లు కూడా కళ్లు మూసుకుని పందెం కాయలేదు. తల్లి శ్యామల వెన్నంటి నిలబడింది. గురువు నీలంశెట్టి అప్పన్న ఏళ్ల తరబడి సాధన చేయించాడు. గెలుపును గాలివాటు అన్నప్పుడల్లా వీళ్ల కష్టం కూడా కొట్టేస్తున్నాం.

ఇక సంతోషి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 188 కిలోలు ఎత్తి మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానంలో ఉన్న నైజీరియా క్రీడాకారిణి డోపింగ్ పరీక్షలో దొరికిపోతే సంతోషికి రజతం దక్కింది. దీన్నీ కలిసిరావడమే అంటారు! ఎదుటివాళ్లు నిషిద్ధ మందు తీసుకున్న రోజున తాను నిజాయితీగా 188 కిలోలు ఎత్తిన పిల్లకు కలిసొచ్చిందేమిటి? పోడియం మీద రజతం అందుకునే క్షణం పోయింది. అది నష్టం కాదా?

ఈ అదృష్టం మాట వల్ల జరుగుతున్న కీడు ఇంకొకటుంది. పతకాలు వాటంతటవే వస్తాయనుకుంటే వ్యాయామశాలకు కప్పెందుకు, కొత్త రాడ్లెందుకు, పిల్లలకు గుడ్లూ పాలూ ఎందుకు? సన్మానాల రోజున శాలువా కప్పే పెద్దలను పాఠకులే అడగాలి: పతకానికి ముందు ఆ పిల్లల తిండికి మీరిచ్చిందెంత?