దండారీకి సామాన్ల ట్రాలీలో ఎందుకు పోవాలె?

 

దీపావళి దగ్గర పడితే మన గూడేల్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతయి. ఒకటి గుస్సాడీ టోపీలకు నెమలి ఈకలు సరిచేసుకోవడం, రెండోది బండి మాట్లాడుకోవడం. దండారీ దళం పక్క ఊళ్లకు పోవాలె, గుడిరేవుకు పోయి పద్మల్‌పురి కాకోకు మొక్కాలె. మన తాతలు నడిచి పోయిండ్రు, ఎడ్లబండ్ల మీద పోయిండ్రు. ఇప్పుడు కిరాయి బండి వచ్చింది. దానివల్ల ఆచారం చెడిపోయిందని బాధపడే పెద్దలున్నరు గానీ, మేము ఆ మాట అనం. మా గొడవ అల్లా ఏ బండి మాట్లాడుతున్నమన్నదే.

బొలెరో పికప్, టాటా ఏస్, డీసీఎం. ఇవి పత్తి, వడ్లు, సిమెంటు మోసే బండ్లు. వీటిలో ఇరవై ముప్పై మంది నిలబడి, పైన ఇనుప పైపు పట్టుకుని కెరమెరి ఘాట్ దిగుతున్నరు. మలుపు వచ్చిందంటే నిలబడ్డోళ్ల బరువంతా ఒక్క దిక్కే వాలుతది. పత్తి బస్తాలనైతే తాడుతో కడతరు, మనిషిని ఎవరూ కట్టరు. ఆశ్వయుజ పౌర్ణమికి కొమురం భీం వర్ధంతికని జోడేఘాట్ పోయేటప్పుడూ ఇదే, పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకూ ఇదే.

ప్రమాదం ఉందని అందరికీ తెలుసు. ప్రమాదం జరిగినంక ఏమైతదో మాత్రం చాలామందికి తెల్వదు. బండికి ఇన్సూరెన్స్ ఉంది గదా అనుకుంటరు. ఉంటది, కానీ అది మనకు కాదు. 2002 డిసెంబర్‌లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. సామాన్ల బండిలో ఎక్కిన ప్రయాణికులకు పరిహారం ఇచ్చే బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీకి లేదన్నది. 1994లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినంక సామాను యజమానికి, లేదా అతని తరఫున సామానుతో పాటు పోయే మనిషికి మాత్రం రక్షణ దొరికింది. ముప్పై మందిమి కలిసి ఒక్క డప్పుకు యజమానులమని కోర్టులో చెప్పుకోలేం గదా! కొన్ని కేసుల్లో కోర్టులు ముందు కంపెనీతో కట్టించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకొమ్మన్నయి. అన్ని కేసుల్లో అట్ల జరగదు. చివరికి ఆ భారం పడేది ఓనరు మీదనే.

ఆ ఓనరు ఎవరు? చాలాసార్లు మనోడే. లోన్ తీసుకుని ట్రాలీ కొనుక్కున్న మన ఊరి తమ్ముడో, బావో. ప్రమాదమైతే చనిపోయినోళ్ల ఇంటికి పరిహారం రాదు, అతని ఇల్లు కూడా మునుగుతది. ఇద్దరూ ఒకే దండారీలో ఆడినోళ్లు.

మరి తెలిసీ ట్రాలీయే ఎందుకు మాట్లాడుతున్నరంటే కారణాలు లేకపోలేదు. తుఫాన్‌లో పది పన్నెండు మందికి మించి పట్టరు, ట్రాలీలో ముప్పై మంది పడతరు, తలకు కిరాయి తక్కువైతది. గుమేలలు, తుడుం, డప్పులు, పెప్రె, కాలికోం అన్నీ పెట్టుకోవాలె. గుస్సాడీ టోపీ సీటు మధ్యల ఇరికిస్తే ఈకలు విరుగుతయి. ఇవన్నీ నిజమే. అందుకే మేమనేది, సామాను ట్రాలీలోనే పోనీ. ఆ డప్పులతో ఒక్క మనిషి డ్రైవరు పక్కన కూర్చోనీ. మిగతా దళం తుఫాన్‌లోనో, క్రూజర్‌లోనో, టెంపో ట్రావెలర్‌లోనో పోవాలె. జాతరలకైతే ఇంకో లెక్క ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. బస్సు పోయే దారి దగ్గరున్న ఊళ్లలో అమ్మలు, అక్కలు ఇంద్రవెల్లి దాకా బస్సులో వస్తే కిరాయి బండి చిన్నదైనా సరిపోతది. ఎక్కువ మంది ఉంటే డిపోలో అడిగితే ఆర్టీసీ బస్సునే కిరాయికి ఇస్తరు, ఊరంతా కలిసి పోవచ్చు.

బండి మాట్లాడేటప్పుడు పసుపు నంబర్ ప్లేటు ఉంటే చాలనుకోవద్దు. ట్రాలీకి కూడా పసుపు ప్లేటే. ఆర్సీలో అది ఏ రకం బండి, ఎన్ని సీట్లు అని రాసి ఉంటది, అది చూడాలె. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తారీఖులు కూడా కనబడతయి. తెల్ల ప్లేటు బండికి కిరాయి కట్టి ఎక్కితే అక్కడా క్లెయిమ్ దగ్గర గొడవే. కరీంనగర్‌లో చదివే మనోళ్లు కూడా ఇది వినాలె. హాస్టల్ ఖాళీ చేసినప్పుడు పెట్టెలు, పరుపుల మీద కూర్చుని జన్నారం మీదుగా ఉట్నూరు దాకా వచ్చేటోళ్లున్నరు.

పైసలు ఎక్కడివంటరా? మెస్రం వంశపోళ్లు తమలో తాము చందాలు వేసుకుని నాగోబా గుడి కట్టుకున్నరు, 2022 డిసెంబర్‌లో ప్రారంభించుకున్నరు. గుడికి వేసుకున్నట్టే, దండారీ బండికి ఇంటికింత అని ఊరు వేసుకోలేదా? మెస్రం పెద్దలు గంగాజలం కోసం ఇప్పటికీ చెప్పుల్లేకుండా హస్తినమడుగు దాకా నడుస్తరు. బండి ఎక్కితే ఎక్కినం, పోతే నడిచినం, రెండూ మనకు గౌరవమే. పత్తి బస్తాల లెక్క పోవడం మాత్రం కాదు.

సర్కారు చేయాల్సింది కూడా ఉంది. సబ్సిడీ మీద మన తమ్ముళ్లకు బండ్లు ఇచ్చేటప్పుడు ట్రాలీలే కాక మనుషులు ఎక్కే బండ్లు కూడా ఇవ్వాలె. అట్లయితే కిరాయి డబ్బులు మన గూడెంలోనే ఉంటయి, దళానికి సీటూ దొరుకుతది. దండారీ రోజుల్లో గుడిరేవుకు లోపలి గూడేల నుంచి బస్సులు నడపాలె. ఈ రెండూ రాసి నాగోబా దర్బార్‌లో కలెక్టర్‌కు, ఐటీడీఏ పీవోకు ఇవ్వాలని అనుకుంటున్నం. ఏ గూడెం నుంచి ఎంతమంది పోతరు, బస్సు ఎక్కడి దాకా వస్తది, ట్రాలీకి ఎంత కిరాయి కడుతున్నరు అన్నది మీ ఊరి పటేల్‌ను అడిగి రాసి పంపండి. కొలాం గూడేలవి తప్పకుండా కావాలె, బస్సు మొఖం చూడని ఊళ్లు అక్కడే ఎక్కువ.