రెండో కారుకు అంత ఒళ్లెందుకు?

సాయంత్రం ఆరు దాటాక విజయవాడ బెంజ్ సర్కిల్‌ దగ్గర కాసేపు నిలబడితే చాలు. ఫ్లైఓవర్ మీద చెన్నై–కోల్‌కతా హైవే బళ్లు ఆగకుండా సాగిపోతుంటాయి. కింద బందరు రోడ్డు సిగ్నల్ దగ్గర ఊళ్లో తిరిగే బళ్లు బారులు తీరి ఉంటాయి. వాటిలో ఎత్తు బానెట్ల వరస ఏటేటా పెరుగుతోంది. ఏడుగురు పట్టే బండిలో చాలాసార్లు ఉండేది ఒక్క మనిషి. పక్క సీట్లో స్కూలు బ్యాగో, కూరల సంచో ఉంటుంది.

ఇదేమీ విజయవాడకే పుట్టిన మోజు కాదు. 2024-25లో దేశంలో అమ్ముడైన దాదాపు 43 లక్షల ప్రయాణికుల వాహనాల్లో నూటికి 65 యుటిలిటీ వాహనాలే. ఇంటికి ఉన్న ఒక్క కారూ ఎస్‌యూవీ కావాలనుకునేవాళ్లతో ఇక్కడ పేచీ లేదు. పేచీ అంతా ఒక కారు ఉండగా రెండోది కొనబోయే ఇంట్లో వినిపించే సలహాతోనే. “ఎలాగూ కొంటున్నారు, ఇంకో మూడు లక్షలు వేసుకుంటే పెద్ద బండే వస్తుంది కదా” అంటారు. బావగారు అదే అంటారు, ఆఫీసులో పక్క సీటాయనా అదే అంటారు. ఆ సలహా తప్పు. ఊళ్లు తిరగడానికి మొదటి కారు ఇంట్లో ఉండనే ఉంది. రెండోది చేయాల్సిన పని బడికి, బజారుకి, బ్యాంకుకి, ఆసుపత్రికి వెళ్లిరావడం. ఆ పనిలో ఎస్‌యూవీ ఒళ్లు అక్కరకు రాదు సరికదా, అడుగడుగునా అడ్డొస్తుంది.

ముందు సందు సంగతి. పటమటలోనో, కృష్ణలంకలోనో, వన్‌టౌన్‌లోనో ఇంటి ముందు 12 అడుగుల సందు ఉందనుకుందాం. అంటే సుమారు 3,660 మిల్లీమీటర్లు. గోడకి ఆనించి ఒక స్కార్పియో-ఎన్ నిలిపితే, అద్దాలు లెక్కలోకి తీసుకోకుండానే 1,917 మిల్లీమీటర్లు పోయాయి. మిగిలింది 1,740 పైచిలుకు. ఎదురుగా వచ్చే డిజైర్ వెడల్పు 1,735. కాగితం మీద పడుతుంది, సందులో పట్టదు. అదే చోట వ్యాగన్-ఆర్ నిలిపి ఉంటే పోయేది 1,620 మాత్రమే, ఎదురు కారు అద్దాలు మడుచుకుని మెల్లగా దాటుతుంది. ఇక ఆ సందులో ఒక బులెట్టూ, ఇసక కుప్పా, కరెంటు స్తంభమూ కూడా ఉంటాయి. పెద్ద బండి కొన్న ఇంటివాళ్లు దాన్ని రోజూ రివర్సులో లోపలికి తెచ్చుకోలేక మెయిన్ రోడ్డు మీద వదిలి నడిచి రావడం ఈ ఊళ్లో వింతేమీ కాదు.

వరద మాట ఎత్తేవాళ్లు చాలామంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడ్డాక ఈ సలహాకు బలం వచ్చింది. ఎత్తు బండి అయితే నీళ్లలోంచి బయటపడొచ్చన్నది వాదన. కొలిచి చూద్దాం. నెక్సాన్ గ్రౌండ్ క్లియరెన్స్ 208 మిల్లీమీటర్లు, డిజైర్‌ది 163. తేడా 45 మిల్లీమీటర్లు, మూడు వేళ్ల వెడల్పు కూడా లేదు. సింగ్‌నగర్‌లో నిలిచిన నీళ్లు గుండెల లోతు దాకా వచ్చి, రోజుల తరబడి కదల్లేదు. ఆ నీళ్లకు చిన్న కారు, పెద్ద కారు అన్న తేడా లేదు.

అసలు కారు నీళ్లలో చావడం కింద అంచు తడిసినందువల్ల కాదు. ఇంజిను గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు వెళ్తే చస్తుంది. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. పైకి లేస్తున్న పిస్టన్ నీటిని గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మునిగిన బండిని ఆత్రంగా ఒకసారి స్టార్ట్ చేసి చూస్తే జరిగేది ఇదే. దానికి విడిగా ఇంజిన్ ప్రొటెక్షన్ తీసుకోని మామూలు బీమా పాలసీ డబ్బు ఇవ్వదు. వరద భయం ఉన్న ఇంటికి కావలసింది ఎత్తు బండి కాదు, ఆ అదనపు బీమా. నీళ్లు రాకముందే బండిని మెరక మీదకి తరలించే అలవాటు కూడా కావాలి.

“ఊరెళ్తే గట్టు దిగాలి కదా” అన్నది ఇంకో మాట. డెల్టాలో కాలవ గట్టు రోడ్డు ఎలా ఉంటుందో పామర్రు, చల్లపల్లి, కైకలూరు వైపు తిరిగినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వస్తే పక్కకి దిగాలి. దిగింది తడి రేగడిలోకి అయితే బండి ఎత్తు కాదు, నాలుగు చక్రాలూ తిరగడం ముఖ్యం. నెక్సాన్, బ్రెజా, వెన్యూ, క్రెటా, ఇవన్నీ మన మార్కెట్లో ముందు చక్రాలతోనే నడిచే బళ్లు. రేగడిలో వాటి గతీ స్విఫ్ట్ గతీ ఒకటే. పైగా బండి వెడల్పు పెరిగినకొద్దీ గట్టు అంచు దగ్గరవుతుంది. కైకలూరు చెరువుల గట్ల మీద రోజూ తిరిగే ఆక్వా రైతుకి ఫోర్ వీల్ డ్రైవ్ నిజంగా అవసరమే, కాదనలేం. ఆయనకి సరిపడే బండి జిమ్నీ. దాని వెడల్పు 1,645 మిల్లీమీటర్లే, స్విఫ్ట్ కన్నా సన్నం. బురదలో పనిచేసే బండి సన్నగా ఉందంటే, షోరూముల్లో అమ్ముతున్న వెడల్పు దేనికోసమో కొనేవాళ్లు ఆలోచించాలి.

డిక్కీ పెద్దదన్న నమ్మకం కూడా కొలతకి నిలవదు. బ్రెజా డిక్కీ 328 లీటర్లు, వ్యాగన్-ఆర్‌ది 341, డిజైర్‌ది 382. నూజివీడు మామిడి పెట్టెలు తేవడానికైనా చిన్న బండే నయం.

డబ్బు లెక్క పొడుగ్గా అక్కర్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకి జీఎస్టీ 18 శాతం, ఆ గీత దాటితే 40. నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీల్లో కొన్నిటికి ఈ 18 దక్కుతుంది, క్రెటా లాంటివాటికి దక్కదు. కంపెనీలు చెప్పే మైలేజీనే తీసుకున్నా, నెలకి 500 కిలోమీటర్లు తిరిగితే డిజైర్‌కీ పెట్రోలు క్రెటాకీ ఎనిమిది లీటర్లకు పైగా తేడా వస్తుంది. ఊళ్లో సిగ్నళ్ల మధ్య రెండిటికీ ఆ మైలేజీ రాదు.

ఇక అన్నిటికన్నా గట్టిగా చెప్పే కారణం భద్రత. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, పిల్లల మీద ప్రేమతో చెప్పే మాట అది. కానీ భద్రత ఎత్తులో లేదు, తయారీలో ఉంది. 2016లో కార్లను గుద్ది చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోకి వచ్చింది సున్నా. 2020లో చిన్న కారు ఆల్ట్రోజ్‌కి ఐదు స్టార్లు, 2024లో డిజైర్‌కీ ఐదే. 2018లో ఐదు స్టార్లు తెచ్చుకున్న నెక్సాన్ కూడా ఉంది, 2023లో ఒక్క స్టారుతో మిగిలిపోయిన వ్యాగన్-ఆర్ కూడా ఉంది. అందుకే డిక్కీ ఎంత నచ్చినా, సందులో ఎంత బాగా ఇమిడినా, పిల్లల్ని ఎక్కించుకునే ఇంటికి వ్యాగన్-ఆర్ కన్నా డిజైర్ మంచిది.

బండి లోపల ఉన్నవాళ్ల సంగతి ఇది. బయట ఉన్నవాళ్ల సంగతో? అమెరికాలోని రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ 2023లో దాదాపు 18 వేల పాదచారుల ప్రమాదాలను పరిశీలించింది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండి గుద్దితే, 30 అంగుళాల లోపు వాలు బానెట్ ఉన్న కారుతో పోలిస్తే మనిషి చనిపోయే అవకాశం 45 శాతం ఎక్కువని తేల్చింది. 40 అంగుళాలంటే ఎల్‌కేజీ పిల్లవాడి ఎత్తు. బడి వదిలే వేళ గేటు ముందు పెద్ద బళ్లు వరసగా నిలబడి ఉంటే, వాటి మధ్యలోంచి పరిగెత్తుకొచ్చే పిల్లాడు డ్రైవరు కంటికి ఆనడు. ఎత్తులో కూర్చుంటే రోడ్డంతా కనిపిస్తుందంటారు. దూరంగా ఉన్నదంతా కనిపిస్తుంది, బంపరు ముందున్నది కనపడదు. తన బిడ్డ భద్రత కోసం కొన్న బండి పక్కింటి బిడ్డకి గండం కావడం ఏ తల్లీ తండ్రీ కోరుకునేది కాదు. పెద్ద బళ్ల భారాన్ని పట్టించుకున్న ఊళ్లూ ఉన్నాయి: 2024 ఫిబ్రవరిలో పారిస్ ప్రజలు ఓటు వేసి మరీ బరువైన ఎస్‌యూవీలకు పార్కింగ్ రుసుము మూడింతలు చేశారు.

టెస్ట్ డ్రైవ్ అంటే షోరూమువాళ్లు బండిని నేరుగా హైవే ఎక్కిస్తారు. నాలుగు వరసల రోడ్డు మీద ఏ బండైనా ముద్దుగానే ఉంటుంది. కొనేవాళ్లు దాన్ని సాయంత్రం ఏడింటికి తమ సందులోకి తీసుకెళ్లమని అడగాలి. ఆ కారు రోజూ నడపబోయేది ఎవరో, ఇంటావిడో, కాలేజీకెళ్లే అమ్మాయో, రిటైరైన నాన్నగారో, వాళ్లనే డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టాలి. రెండు వైపులా బళ్లు నిలిపి ఉండగా, వెనక ఆటో హారన్ కొడుతుండగా, రివర్సులో గేటు లోపలికి తిప్పించి చూడాలి.